గొలుసు గుంజినోళ్లు, సంతకం పెట్టినోళ్లు

మా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దిక్కు ‘గెట్టు పంచాయితీ’ అనే మాట వినకుండా పెరిగిన పిల్లలుండరు. అన్నదమ్ములు మాట్లాడుకోకపోవడానికి, బిడ్డ పెళ్లికి పిలవకపోవడానికి ఒక్క గుంట భూమి చాలు. గుంటంటే ఎంత? 33 అడుగుల పొడవు, 33 అడుగుల వెడల్పు. అంటే 121 గజాలు. అలాంటివి 40 కలిస్తే ఎకరం. ఆ గుంట ఎటు పోయిందో తేల్చడానికి సర్వేయర్ సార్ వస్తున్నాడంటే ఆ పూట ఊళ్లో సగం మంది పొలం దగ్గరే ఉంటారు. సినిమా షూటింగుకి కూడా అంత జనం రారు.

ఈ కొలిచే పనికి మన దేశంలో ఒక పెద్ద ఆఫీసు ఉంది. దాని వయసు చూస్తే ఆశ్చర్యపోతారు. 1767లో ఈస్టిండియా కంపెనీ తరఫున రాబర్ట్ క్లైవ్, బెంగాల్ సర్వేయర్ జనరల్‌గా జేమ్స్ రెనెల్‌ను నియమించాడు. అప్పటికి రెనెల్‌కు 24 ఏళ్లు. మీలో చాలామంది ఇంకా బ్యాక్‌లాగ్స్ రాసుకునే వయసు. అక్కడ మొదలైందే ఇవాళ్టి సర్వే ఆఫ్ ఇండియా. కంపెనీ పోయింది, రాణి పోయింది, ఆఫీసు మాత్రం నడుస్తూనే ఉంది. అయితే అది మీ పొలం గెట్టు కొలవదు, దేశం మొత్తాన్ని కొలుస్తుంది. గెట్టు సంగతికి తర్వాత వస్తాను. ముందు ఆ పెద్ద కుర్చీలో ఎవరు కూర్చున్నారో, ఎవరిని కూర్చోనివ్వలేదో చూద్దాం. నాకు రెండోదే ఎక్కువ ముఖ్యం అనిపిస్తుంది.

1815లో దేశం మొత్తానికి ఒకే సర్వేయర్ జనరల్ ఉండాలని నిర్ణయించి కాలిన్ మెకంజీని పెట్టారు. ఈ పేరు తెలుగువాళ్లకు కొత్త కాదు. ఊరూరి చరిత్రలు రాయించిన ‘మెకంజీ కైఫీయతులు’ ఆయనవే. స్కాట్లాండ్ దగ్గరి ఒక దీవిలో పుట్టినవాడు. మన భాషలు తనకు రావని ఆయనే ఒప్పుకున్నాడు. మరి అన్ని ఊళ్ల కథలు, శాసనాలు ఎలా పోగుచేశాడు? ఏలూరు నుంచి వెళ్లిన కావలి సోదరుల వల్ల. పెద్దాయన వెంకట బొర్రయ్య, తర్వాత లక్ష్మయ్య, రామస్వామి. బొర్రయ్య ముప్పై ఏళ్లు నిండకుండానే 1803లో చనిపోయాడు. భారతీయ విజ్ఞానం వాకిట్లోకి తనను ముందుగా తీసుకెళ్లింది అతనేనన్న అర్థంలో మెకంజీ తర్వాత రాశాడు. బొర్రయ్య పోయాక పనివాళ్లందరినీ నడిపించింది తమ్ముడు లక్ష్మయ్య.

1821లో మెకంజీ పోయాడు. గుట్టలకొద్దీ కాగితాలు మిగిలాయి. ఆ పని నేను కొనసాగిస్తానని లక్ష్మయ్య ముందుకొచ్చాడు. ఏ కాగితం ఏ ఊరిదో, ఎవరు చెప్పిందో అతనికంటే బాగా తెలిసినవాడు భూమ్మీద లేడు. 1830లలో ఆ విన్నపం కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ దాకా పోయింది. ఇంత పెద్ద పనికి ఈయన సరిపోడని అక్కడి పెద్దలు తేల్చేశారు. పనంతా చేసినవాడికి పెత్తనం ఇవ్వాల్సి వచ్చేసరికి అర్హత గుర్తొచ్చింది. ఈ మాట మీ ఆఫీసులో కూడా ఎక్కడో విన్నట్టు ఉందా?

ఇదే కాలంలో ఇంకో సర్వే నడుస్తోంది. విలియం లాంబ్టన్ 1802 ఏప్రిల్ 10న మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర గొలుసు పరిచాడు. అది 100 అడుగుల ఉక్కు గొలుసు. ఏడున్నర మైళ్ల గీత కొలవడానికి 57 రోజులు పట్టింది. ఎండకు ఉక్కు సాగుతుంది కదా, అందుకని గొలుసుకు నీడ పట్టి, పక్కన థర్మామీటర్లు పెట్టి కొలిచారు. ఆ ఒక్క గీత మీద త్రిభుజం, ఆ త్రిభుజం మీద ఇంకో త్రిభుజం కట్టుకుంటూ ముందుకు బయల్దేరాడు. కోణాలు కొలిచే థియోడలైట్ బరువు అర టన్ను. తంజావూరులో గుడి గోపురం మీదికి ఎక్కిస్తుంటే తాడు తెగి యంత్రం దెబ్బతింది. లాంబ్టన్ డేరాలో తలుపేసుకుని, తన చేతులతోనే బాగుచేసుకున్నాడు. చివరి సంవత్సరాల్లో ఆయన మకాం హైదరాబాద్‌లోనే. అక్కడి నుంచి నాగపూర్ వెళ్తూ 1823 జనవరిలో హింగన్‌ఘాట్ దగ్గర పోయాడు. సమాధి ఇప్పటికీ అక్కడే ఉంది. భూమి వంపును కొలిచిన మనిషి పేరు మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

ఆయన శిష్యుడి పేరు మాత్రం అందరికీ తెలుసు. జార్జ్ ఎవరెస్ట్. 1818 చివర్లో హైదరాబాద్ వచ్చి లాంబ్టన్ దగ్గర చేరాడు. తర్వాతి ఏడాది కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో వానల్లో తిరిగి జ్వరాల పాలయ్యాడు. వెంట ఉన్నవాళ్లు కూడా మంచం పట్టారు, కొందరు తిరిగి రాలేదు. ఆయన మాత్రం గాలిమార్పు కోసం దక్షిణాఫ్రికా కేప్‌కు వెళ్లి కోలుకున్నాడు. గొలుసు మోసినవాళ్లకు ఏ కేప్ ఉంటుంది?

ఎవరెస్ట్ పరమ కోపిష్టి. అయినా ఒక విషయంలో ఆయన్ని మెచ్చుకోవాలి. ఆర్కాటు నుంచి వచ్చిన మీర్ మొహ్సిన్ హుస్సేన్ అనే కారిగరు యంత్రాలు బాగుచేయడంలో మొనగాడు. ఇంగ్లీషు చదువు లేదు. అయినా యంత్రాల విభాగానికి అతన్నే పెద్దను చేయాలని ఎవరెస్ట్ పైవాళ్లతో కొట్లాడాడు, సాధించాడు. 1831లో రాధానాథ్ సిక్దార్ అనే బెంగాలీ కుర్రాణ్ని లెక్కలకు తీసుకున్నదీ ఆయన కాలంలోనే. అప్పుడతనికి 18 ఏళ్లు. ఉద్యోగం పేరు ‘కంప్యూటర్’. అప్పట్లో కంప్యూటర్ అంటే డబ్బా కాదు, లెక్కలు చేసే మనిషి.

ఈ సిక్దార్ కథ తెలుసుకోండి. 1843లో డెహ్రాడూన్‌లో తెల్ల మేజిస్ట్రేట్ ఒకాయన సర్వే కూలీలతో తన సామాను ఉత్తపుణ్యానికి మోయించుకుంటుంటే సిక్దార్ అడ్డం తిరిగాడు. కేసు కోర్టుకెక్కింది, 200 రూపాయల జరిమానా పడింది. కట్టాడు కానీ తగ్గలేదు. తర్వాత చీఫ్ కంప్యూటర్ అయ్యాడు. 1852లో ‘పీక్ 15’ అనే శిఖరమే అన్నింటికన్నా ఎత్తని తేల్చిన లెక్కలు అతనివే. అప్పటి సర్వేయర్ జనరల్ ఆండ్రూ వా నాలుగేళ్లు ఆగి 29,002 అడుగులని ప్రకటించి, తన పాత బాసు పేరు పెట్టాడు. ఆ పేరు అక్కడివాళ్ల నోరు తిరగదని ఎవరెస్టే అభ్యంతరం చెప్పాడు. వినలేదు. 1865లో పేరు ఖాయమైంది. 1851లో వచ్చిన సర్వే మాన్యువల్‌లో లెక్కల భాగాలు రాసింది సిక్దారేనని ముందుమాటలో ఉండేది. అతను పోయాక 1875లో వచ్చిన కూర్పులో ఆ ముందుమాట మాయం! ఇది చనిపోయినవాణ్ని దోచుకోవడమేనని ఒక ఇంగ్లీషు పత్రికే మండిపడింది. 1947 దాకా ఆ పెద్ద కుర్చీలో ఒక్క భారతీయుడూ కూర్చోలేదు.

ఇక గెట్టు సంగతి. మన పొలాలను కొలిపించింది నిజాం సర్కారు. 1870లలో మొదటి సాలార్‌జంగ్ దివాన్‌గా ఉన్నప్పుడు, బొంబాయి పద్ధతి చూసి సర్వే శాఖ పెట్టారు. అప్పటికి మన జిల్లా పేరు కరీంనగర్ కూడా కాదు, ఎలగందుల. పొలానికో నంబరు, నంబరుకో టిప్పన్, ఊరికో నక్షా, మొత్తానికి సేత్వార్. నక్షా, పహాణీ, పంచనామా... ఈ మాటలన్నీ అక్కడివే. చిక్కెక్కడంటే రైతు మాట్లాడేది తెలుగు, రికార్డు ఉన్నది ఉర్దూలో. మధ్యలో చదివి చెప్పేవాడు పట్వారీ. హైదరాబాద్‌లో ఎవరు దివాన్ అయినా, ఊళ్లో భూమికి అసలు లీడర్ పట్వారీ దస్త్రం. దున్నేవాడి పేరు ఒకటైతే దస్త్రంలో పేరు ఇంకొకటి. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాల జైత్రయాత్రకు ఊళ్లకు ఊళ్లు ఎందుకు కదిలాయో, ఆ వెంటనే జగిత్యాల, సిరిసిల్లలను కల్లోలిత ప్రాంతాలని సర్కారు ఎందుకు ప్రకటించిందో అర్థం కావాలంటే ఈ దస్త్రం గుర్తుండాలి.

1984లో ఎన్టీఆర్ పటేల్ పట్వారీ వ్యవస్థను రద్దు చేశారు. తర్వాత వీఆర్వోలు వచ్చారు. 2020లో వాళ్లూ పోయారు, ధరణి వచ్చింది. పాస్‌బుక్ ఫోన్లో కనబడింది గానీ, గెట్టు ఎక్కడుందో ఫోన్ చెప్పలేదు. ఎందుకంటే నిజాం కాలం తర్వాత తెలంగాణలో ఊరూరా మళ్లీ పూర్తిగా కొలిచిందే లేదు. తాతల టిప్పన్ల మీదే నడుస్తున్నాం. 2025 ఏప్రిల్ 14న భూభారతి మొదలైంది. అమ్మినా పంచినా కాగితంతో పాటు పటం కూడా ఉండాలన్నది అందులోని ముఖ్యమైన మాట. అన్ని పటాలు గీయడానికి సర్కారు సర్వేయర్లు చాలరు కాబట్టి, ఇంటర్ లెక్కల నుంచి సివిల్ ఇంజినీరింగ్ దాకా చదివిన వేలమందికి శిక్షణ ఇచ్చి లైసెన్సులు ఇస్తున్నారు. అంటే మన ఊరి పిల్లలే. లక్ష్మయ్యకు దొరకని సంతకం వీళ్ల చేతికి వస్తోంది. దాంతోపాటు ఒత్తిడీ వస్తుంది. ‘మనోడివే కదా, ఒక్క గజం ఇటు జరుపు’ అనే ఫోన్లు వస్తాయి. సొంతూళ్లో కొలవడం హిమాలయాన్ని కొలిచినంత తేలిక కాదు.

మొన్న కోరుట్ల పక్క ఊళ్లో ఒక పసుపు చేను దగ్గర నిలబడ్డాను. కొలవడానికి వచ్చింది సిరిసిల్ల అమ్మాయి. వాళ్ల నాన్నది మరమగ్గం పని. ఆమె గీసిన పటాన్ని తర్వాత సర్కారు సర్వేయర్ సరిచూస్తాడు. చేతిలో రోవర్, భుజాన సంచి. ఉపగ్రహాల సిగ్నల్ కోసం చూస్తుంటే గెట్టు మీద కూర్చున్న ముసలాయన లేచాడు. వయసులో ఉన్నప్పుడు సర్వే సార్ల వెనక గొలుసు గుంజినోడట.

“బిడ్డా, నీ మిషిన్ మంచిదే గావచ్చు. గని ఒక్కసారి టేపు గూడ పట్టు. మేం గుంజితేనే అప్పటి సార్లు రాసుకున్నరు.”

“పడతా తాతా. మీరు ఆ రాయి కాడ నిలబడుండ్రి” అంటూ ఆ అమ్మాయి టేపు ఒక కొస ఆయన చేతికిచ్చింది. తాను రెండో కొస పట్టుకుని చేను అవతలికి నడిచింది. అన్నదమ్ములిద్దరూ చెరోవైపు చూస్తూ నిలబడ్డారు. ముసలాయన మాత్రం రాయి మీద బొటనవేలు నొక్కిపెట్టి, “గుంజు, ఇంకా గుంజు, వదులుంది” అని అరుస్తున్నాడు.