రోడ్డుకు గీత గీసే ముందు

పిల్లలూ! రోడ్డు మంచిదా, కాదా అని అడిగితే మీరేమంటారు? రొళ్ల, అగళి, అమరాపురం పిల్లలైతే వెంటనే "మంచిదే" అంటారు. జబ్బు చేసినవారిని ఆసుపత్రికి చేర్చాలన్నా, పట్టుగూళ్లను చెడిపోకముందే హిందూపురం మార్కెట్టుకు తీసుకుపోవాలన్నా రోడ్డు కావాలి. అందులో సందేహం లేదు. కాని ఆ రోడ్డు ఎక్కడినుంచి పోవాలి అన్నది మరో ప్రశ్న.

హిందూపురంలో బెంగుళూరు రైలెక్కితే కొద్దిసేపటికే గౌరీబిదనూరు వస్తుంది. ఆ పరిసరాల్లో రెండు పరిశోధన కేంద్రాలున్నాయి. ఒకదానిలో 1965 నుంచి 20 భూకంప మాపకాలు 'ఎల్' అక్షరం ఆకారంలో అమర్చి ఉన్నాయి. వేల కిలోమీటర్ల దూరాన వచ్చిన భూకంపాన్ని, భూగర్భంలో జరిపిన అణుపరీక్షను అవి పసిగడతాయి. రెండవ కేంద్రం ఆకాశం నుంచి వచ్చే రేడియో తరంగాలను అందుకుంటుంది. 1976లో అక్కడ వెయ్యి ఏరియల్స్‌తో 'టి' ఆకారపు రేడియో టెలిస్కోపు నిర్మించారు. 1997 నుంచి మరో పరికరం సూర్యుణ్ణి గమనిస్తోంది.

ఇలాంటి చోటు పక్కన పెద్ద రోడ్డు వేస్తే ఏమవుతుంది? బరువైన లారీ పోతుంటే ఇంట్లో గిన్నెలు గలగలమనడం మీరు వినే ఉంటారు. ఆ అదురు నేలలో పాకి, దూరపు భూకంపపు సన్నని కదలికను కప్పేస్తుంది. పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ వెలిగిన ప్రతిసారీ రేడియో తరంగాలు పుడతాయి. అవి బలహీనమైనవే. కాని ఆకాశం నుంచి వచ్చేవి అంతకన్నా ఎంతో బలహీనమైనవి! సంతలో గుసగుసలు వినిపిస్తాయా?

"పరికరాన్నే వేరేచోటికి మార్చవచ్చు కదా" అంటారేమో. బొంబాయిలో ఒకసారి అలాగే చేశారు. కొలాబాలో 1841 నుంచి భూమి అయస్కాంతత్వాన్ని కొలిచేవారు. నగరానికి ఎలక్ట్రిక్ ట్రాములు రానున్నాయని తెలిసి, వాటి కరెంటు కొలతలను పాడుచేస్తుందని ముందే గ్రహించారు. అలీబాగ్‌లో కొత్త కేంద్రం కట్టి, 1904 నుంచి 1906 వరకు రెండుచోట్లా కొలతలు తీశారు. ట్రాములు 1907లో వచ్చాయి. ముందుగా ఆలోచించారు కనుకనే కొలతల వరుస తెగలేదు.

ఇటీవలి ఉదాహరణ కూడా ఉంది. పూనా, నాసిక్ మధ్య తలపెట్టిన రైలుమార్గం నారాయణగావ్ వద్ద 30 పెద్ద ఏరియల్స్ ఉన్న రేడియో టెలిస్కోపుకు చేరువగా పోయేది. శాస్త్రజ్ఞులు అభ్యంతరం చెప్పగా, దారి మార్చాలని 2025లో రైల్వేశాఖ నిర్ణయించింది. కాని ఆ రైలు కోసం ఎదురుచూసిన ఊళ్లవారు నొచ్చుకున్నారు. వారి బాధ న్యాయమైనదే. గీత గీయకముందే అడిగి ఉంటే వారికి ఆశాభంగం తప్పేది కదా!

కనుక సర్వే మొదలుపెట్టేటప్పుడే బడి, చెరువు, శ్మశానం లాగే పరిశోధన కేంద్రాలనూ పటం మీద గుర్తించాలి. చుట్టుతిరిగి వేసినందుకు అయ్యే అదనపు ఖర్చును ప్రభుత్వమే భరించాలి. పక్క ఊళ్లకు రోడ్డు లేకుండా చేయడం పరిష్కారం కాదు. రోడ్డును రెండు మైళ్లు పక్కకు జరపవచ్చు. నేడు నమోదు కాని భూమి కదలికను రేపు ఎంత డబ్బు పోసినా తిరిగి కొలవలేం.