నాటువారు పెక్కండ్రు, పెంచువారెవ్వరు?

1950వ సంవత్సరమున కేంద్రమంత్రి కె.ఎం. మున్షీగారు వనమహోత్సవమును ఆరంభించినది మొదలుకొని మన దేశమున మొక్కలు నాటని వానకాలము లేదు. గునపము పట్టి ఛాయాచిత్రము తీయించుకొనని పెద్దమనుష్యుడును లేడు. ఆ మొక్క మరుసటి వేసవికి ఏమైనదని అడిగినచో మాత్రము బదులు చెప్పువారు కనబడరు. పైయేట మరల అదే గుంట, అదే యుత్సవము. నాటుట ఒక పూట పని. పెంచుట మూడు వేసవుల పని. మనవారికి మొదటిదానియందున్న యుత్సాహము రెండవదానియందు లేదు.

చిన్న మొక్కల గతి యిట్లుండగా పెద్ద చెట్ల గతి యింకను దీనముగా నున్నది. టెక్కలి, పలాసల వంటి పట్టణములలో వీథిచెట్టు మొదలు చూడుడు. సిమెంటు మాను నంటి పోయబడి యుండును. వేళ్ళకు నీరెంత యవసరమో గాలియు నంతే యవసరము. మాను చుట్టు కనీసము రెండు మూరల నేల విడువవలెనని రోడ్డు వేయు కంట్రాక్టరునకు చెప్పువారెవ్వరు? మేకులు కొట్టి బోర్డులు తగిలింతురు, ఇనుప తీగలు బిగింతురు. ఆకులు తయారుచేసిన యాహారము వేళ్ళకు దిగు త్రోవ బెరడులోనే యున్నది. ఆ త్రోవను నొక్కివేసిన చెట్టు బ్రతుకుట యెట్లు? ఇక కరెంటు తీగల క్రింది నరుకుడు చెప్పనలవి కాదు. ఒకవైపు కొమ్మలన్నిటిని మొండిగా కొట్టి, రెండవవైపు బరువునంతయు విడిచి పోవుదురు. ఆ మొండెములలో నీరు దిగి మాను కుళ్ళును. గాలివానకు అది ఒరిగి యింటిమీద పడగానే, చెట్లు ప్రమాదకరములని ప్రక్కచెట్టును గూడ కొట్టింతురు. కొమ్మ మొదట ఉబ్బెత్తుగా నుండు మెడను చెడగొట్టక కోసినచో చెట్టు ఆ గాయమును తానే మూసికొనును. ఇందుకు కావలసినది ధనము కాదు, పని నేర్చిన చేయి.

ఉప్పుగాలి వీచు నౌపడ ప్రాంతమున ఏ మొక్క నాటవలెనను విచారణయు లేదు. ఉప్పునేలకు ఓర్చు కానుగ మనయొద్దనే యుండగా, సొగసు చూచి పరదేశపు మొక్కలను తెచ్చుట యెందులకు?

ఇచ్ఛాపురమునకు ఉత్తరమున గంజాం జిల్లాలోని జౌగడ బండపై అశోకుని శాసనము నేటికిని నిలిచియున్నది. మనుష్యులకును పశువులకును ఉపయోగముగా బాటల వెంట నూతులు త్రవ్వించి చెట్లు నాటించినట్లు అందు చెప్పబడినది. నాటి బాటకు దక్కిన నీడ నేటి పంచాయతీ రోడ్డునకు దక్కరాదా?

వీథిచెట్టు సరే, నా దొడ్డిలోని చెట్టు నా యిష్టమనువారు కలరు. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టము అట్లనలేదు. సొంత నేలలోని చెట్టును నరుకుటకును అనుమతి కోరుచున్నది. అయినను మేము చట్టముతో బెదరింపబోము. 2018 అక్టోబరు 11వ తేదీని తిత్లీ తుపాను కొబ్బరి, జీడిమామిడి తోటలను నేలగూల్చిన యుదయమును చూచిన ఉద్దానమువారికి సొంత చెట్టు విలువ యొకరు చెప్పనక్కరలేదు. తిరిగి నాటిన కొబ్బరి కాపునకు రావలెనన్న ఐదారేండ్లు పట్టును. ఊరి కంతటికిని నీడయు గాలియు నిచ్చు చెట్టును నిలుపుకొను భారమును దాని యజమాని యొక్కడే మోయవలెననుట న్యాయమా?

ఈ న్యాయము తేలవలసిన చోటు నౌపడకు చేరువనున్న తేలినీలాపురము. ఏటేట సెప్టెంబరు మొదలు మార్చి వరకు గూడబాతులును, పెయింటెడ్ స్టార్కులను రంగుకొంగలును అచ్చటి చింతచెట్లపైనను ఇతర వృక్షములపైనను గూళ్ళు కట్టి పిల్లలను పెంచును. ఇవి సైబీరియానుండి వచ్చునని వాడుక. పక్షిశాస్త్రము ప్రకారము రెండును మన దక్షిణాసియా పక్షులే. ఎచ్చటివైన నేమి, ఊరివారు వానిని పురిటికి వచ్చిన ఆడపడుచులవలె చూచుకొనుచున్నారు. అవి వచ్చిన యేడు వానలు కురిసి పంట పండునని వారి నమ్మకము. చూడవచ్చిన పట్టణవాసులు మెచ్చుకొని పోవుదురు. కాని గూళ్ళున్న చెట్టున చింతకాయ దులుపుట కుదరదు. రెట్టల ఘాటునకు ఆకు మాడును, కొమ్మ యెండును. వాకిట కంపు భరింపవలెను. కీర్తి జిల్లాకు, నష్టము చెట్టు గలవానికి!

అట్టి చెట్టు గలవానికి పోయిన ఫలసాయమునకు వెలగట్టి ప్రభుత్వము ఏటేట చెల్లింపవలెను. పాతచింతల నడుమ క్రొత్తచింతలను ఇప్పుడే పెట్టవలెను. చింత మహావృక్షము కావలెనన్న ఒక తరము గడచును. పట్టణములలో ప్రతి వీథిచెట్టునకును నంబరు వేసి పుస్తకమున నెక్కించి, ఏ చెట్టు చచ్చినది, ఏల చచ్చినదని సంవత్సరమున కొకమారు సభలో చదివి వినిపింపవలెను. మూడు వేసవులు నీరు పోయు మనిషిని నియమింపక నాటుడుత్సవమునకు ఒక్క రూపాయియు మంజూరు చేయరాదు. తేలినీలాపురమున కొమ్మలు సవరించు పని యేదియున్నను సెప్టెంబరునకు ముందే ముగియవలెను. ఆ నెలలో పక్షులు వచ్చి కొమ్మలు వెదకుకొనును.