ఆగిన గంటలకు కూలి ఎవరిస్తారు?

దుబాయ్‌లో ట్రక్కు ప్రమాదం జరిగితే మర్నాడు మా కార్మికుల క్యాంపులో వినిపించే మాట ఒకటే: డ్రైవర్ కునుకు తీశాడట. కావచ్చు. అతను అసలు ఎప్పుడు పడుకోవాలి, ఆ వేళకు ఎక్కడున్నాడు అని మాత్రం ఎవరూ అడగరు.

నాది జగిత్యాల జిల్లా. దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో, మేమంతా డిప్ అనే చోట, ఒక గోదాముకు ట్రెయిలర్ నడుపుతాను. జబల్ అలీ పోర్టులో కంటైనర్ ఎత్తుకోవడం, డిప్‌లో దించడం, ఇంకో లోడు షార్జాకో అజ్మాన్‌కో తోలడం. ఒకవైపు షేక్ మొహమ్మద్ బిన్ జాయెద్ రోడ్డు, మరోవైపు ఎమిరేట్స్ రోడ్డు. అద్దంలాంటి రోడ్లు, అందులో పేరు పెట్టడానికి లేదు. దూరాలు కూడా పెద్దవేం కావు. మా రోజును మింగేది ఎదురుచూపు.

పోర్టు గేటు దగ్గర వరుస. గోదాములో డాక్ ఖాళీ అయ్యేదాకా పడిగాపులు. ఆపైన ట్రక్కుల నిషేధపు వేళలు. 2025 జనవరి 1 నుంచి ఎమిరేట్స్ రోడ్డు మీద అల్ అవీర్ నుంచి షార్జా దాకా సాయంత్రం ఐదున్నర నుంచి ఎనిమిది వరకు ట్రక్కులు పోకూడదు. ఆఫీసుల నుంచి షార్జా పోయే కార్ల రద్దీ నాకు తెలుసు కాబట్టి ఆ నిబంధనను తప్పుపట్టను. కానీ ఐదుంబావుకి ఆ రోడ్డు చూడండి. ఐదున్నరలోపు దాటేయాలని ప్రతి ట్రక్కూ తొందరపడుతుంది. దాటలేనివాళ్లం ఎక్కడో ఒకచోట ఆపుకుని క్యాబిన్లో కూర్చుంటాం. దాన్ని కంపెనీ విశ్రాంతి అంటుంది. సూపర్‌వైజర్ ఫోను పది నిమిషాలకోసారి మోగుతుంటే, జూలై వేడిలో, కూర్చున్నచోటే పడే కునుకు విశ్రాంతి ఎలా అవుతుంది? ఎనిమిది కొట్టగానే అందరం ఒక్కసారే రోడ్డెక్కుతాం. షార్జాలో లోడు దిగేసరికి అర్ధరాత్రి. తెల్లారేసరికి మళ్లీ పోర్టు.

అయినా ఎందుకు తోలుతున్నావంటారా? బేసిక్ జీతం తక్కువ, ఇంటికి పంపే డబ్బు వచ్చేది ట్రిప్పు మనీలోంచే. చక్రం తిరిగితేనే దిర్హం. నాలుగు గంటలు గేటు దగ్గర ఆగితే సున్నా. పగలు ఆగి పోగొట్టుకున్నది రాత్రి ఇంకో ట్రిప్పుతో పూడ్చుకోవాలని ఎవడికైనా ఉంటుంది.

ఇక్కడి కార్మిక చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అంటోంది. ఓవర్‌టైమ్ మామూలుగా రోజుకు రెండు గంటలు దాటకూడదు. మన దేశంలోనూ 2025 దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం ఎనిమిది గంటలే అనేది. కాగితం మీద ఎక్కడా లోటు లేదు. అమెరికాలో కొంత నయం. అక్కడ సరుకు ట్రక్కు డ్రైవర్ వరుసగా పది గంటల విశ్రాంతి తీసుకున్నాకే బండి ఎక్కాలి. ఆపై 14 గంటల లోపల 11 గంటలకు మించి తోలకూడదు. 2017 డిసెంబరు నుంచి ఆ లెక్క చాలా ట్రక్కుల్లో యంత్రమే రాస్తోంది. టెక్సాస్‌లో ప్రమాదాలు లేవా అంటే, బోలెడు. ట్రక్కు ప్రమాదాల వకీళ్ల హోర్డింగులే హైవే పొడవునా ఉంటాయని డాలస్‌లో ఉన్న మా బావమరిది నవ్వుతాడు. కానీ ప్రమాదం జరిగాక ఆ గంటల లెక్కను బయటికి తీస్తారు. మా కంపెనీలో ఆ లెక్క టైంషీట్ రాసేవాడి చేతిలో ఉంది.

ఇక్కడ బరువుకు లెక్క ఉంది. 2024 ఫిబ్రవరి నుంచి 65 టన్నులు దాటకూడదు. వేగానికి కెమెరా ఉంది, తప్పితే ముఖాలిఫా, అంటే జరిమానా, ఫోనుకే వస్తుంది. మనిషి ప్రాణం పోతే కోర్టు విధించే దియా, అంటే ప్రాణానికి పరిహారం, 2 లక్షల దిర్హాములు. బండికి బీమా సక్రమంగా ఉంటే సరే, లేకపోతే ఊళ్లో ఉన్న పొలం అమ్మినా తీరదు.

2013 ఫిబ్రవరిలో అల్ ఐన్‌లో లోడుతో వస్తున్న ట్రక్కు కార్మికుల బస్సు మీద పడి 20 మందికి పైగా పోయారు. 2025 నవంబరు 3న చేవెళ్ల దగ్గర కంకర టిప్పర్ ఆర్టీసీ బస్సును ఢీకొని 19 మంది చనిపోయిన వార్త క్యాంపులో ఫోన్లలో చూశాం. రోడ్డు వెడల్పు గురించీ, ఓవర్‌లోడ్ గురించీ చర్చ జరిగింది, జరగాల్సిందే. మన దగ్గరా చాలా టిప్పర్లు ట్రిప్పు లెక్కనే తిరుగుతాయన్న సంగతి మీద మాత్రం అంత చర్చ నాకు కనపడలేదు.

గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకు తెలంగాణ ప్రభుత్వం 5 లక్షల రూపాయలు ఇస్తోంది. ఇమిగ్రేషన్ క్లియరెన్స్‌తో వచ్చినవారికి ప్రవాసీ భారతీయ బీమా కింద 10 లక్షలుంది. విజిట్ వీసా మీద వచ్చి స్టీరింగ్ పట్టినవాడికి ఆ బీమా కూడా ఉండదు. ఇవన్నీ పోయాక వచ్చే డబ్బులు. పోకముందు చేయగలిగింది ఒకటుంది. డ్రైవర్లను గల్ఫ్‌కు పంపే ప్రభుత్వ సంస్థలు, తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రలో ఓంక్యాప్, ప్రతి ఒప్పందంలో ఒక షరతు రాయించాలి: గేటు దగ్గరా, నిషేధపు వేళల్లోనూ ఆగిన గంటలు డ్యూటీ కిందే లెక్క, వాటికీ జీతం ఉంటుంది అని. తమ్ముణ్నో కొడుకునో డ్రైవర్‌గా పంపుతున్నవాళ్లు జీతమెంత అని అడిగే ముందు, ఏజెంటును ఈ సంగతి అడగండి.