యాకోబు ఎందుకు తొందరపడలేదు?

మా సంఘానికి 50 ఏళ్లు నిండిన సందర్భంగా 2017 మే నెలలో స్వర్ణోత్సవం జరుపుకున్నాం. ప్రేమవిందుకు 14 పొట్టేళ్లు కావలసి వచ్చాయి. 90 కిలోమీటర్ల దూరంలోని సంతలో బేరం కుదిరింది. మా సంఘంలోనే పెరిగిన ఒక యువకుడికి ట్రాలీ ఆటో ఉంది. సంత నుంచి అతను ఫోన్ చేశాడు. "అయ్యగారూ, ఎండ మండిపోతోందండీ. అన్నీ ఒకేసారి పట్టవు, రెండు ట్రిప్పులు వేద్దామండీ" అన్నాడు. రెండో ట్రిప్పుకు రూ.1,800 అవుతుంది. "దేవుని సొమ్ము బాబూ, దుబారా చేయకూడదు. ఎలాగోలా సర్ది తెచ్చెయ్" అన్నాను. ఆ మాట అన్నది సంఘ పెద్దలు కాదు, నేనే. కాళ్లు కట్టి, ఒకదాని మీద ఒకటి పడేసి, మధ్యాహ్నం రెండు గంటలకు చర్చి ఆవరణలోకి తెచ్చారు. తాళ్లు విప్పితే రెండు లేవలేదు. ఇంకొకటి ముందుకాలు విరిగి, నోరు తెరుచుకుని రొప్పుతోంది. మరునాడు ఉదయం ఆరాధనలో నా ప్రసంగాంశం 'మంచి కాపరి'!

ఆ రెండింటి ఖరీదు లెక్కల్లో ఎలా చూపించాలన్నదే కమిటీలో చర్చకు వచ్చింది గాని, అవి ఎలా చచ్చాయని ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. ఆ కుర్రాడు మాత్రం చాలా ఆదివారాలు నా కళ్లలోకి చూసేవాడు కాదు.

ప్రియ పాఠకులారా, ఆదికాండము 33వ అధ్యాయంలో యాకోబు, ఏశావు ఇరవై ఏళ్ల తర్వాత కలుసుకుంటారు. కలిసి ప్రయాణం చేద్దాం రమ్మంటాడు అన్న. యాకోబు ఒప్పుకోడు. పిల్లలు పసివాళ్లనీ, మందలో పాలిచ్చే తల్లులున్నాయనీ, ఒక్క రోజు వడిగా తోలినా మంద మొత్తం చచ్చిపోతుందనీ చెబుతాడు. అవి ఎంత నడవగలవో అంత మెల్లగా వస్తానంటాడు. ఇది ఏశావును తప్పించుకోవడానికి చెప్పిన సాకు అని కొందరు వ్యాఖ్యాతలంటారు. నిజమే కావచ్చు, ఆ తర్వాత యాకోబు శేయీరుకు వెళ్లినట్టు అక్కడ రాసి లేదు. కానీ సాకైనా నమ్మదగ్గదిగా ఉండాలి కదా! మందలు కాసేవాడెవడైనా కాదనలేని మాట గనుకనే ఏశావు మారు మాట్లాడలేదు. సుక్కోతు చేరాక యాకోబు తనకు ఇల్లు, పశువులకు పాకలు వేయించాడు. ఆ ఊరికి పేరు వచ్చింది యాకోబు ఇంటిని బట్టి కాదు, పశువుల పాకలను బట్టి. సెమినరీలో హీబ్రూ తరగతిలో ఈ సంగతి విన్నప్పుడు నవ్వుకున్నాం. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

యాకోబుకు అనుభవం నేర్పిన దాన్నే మన దేశం చట్టంగా రాసుకుంది. నృత్యకళాకారిణి రుక్మిణీదేవి అరుండేల్ రాజ్యసభ సభ్యురాలిగా 1950లలో పట్టుబట్టిన ఫలితంగా 1960లో జంతుహింస నిరోధక చట్టం వచ్చింది. దాని కింద 1978లో జంతువుల రవాణా నిబంధనలు వచ్చాయి. నా తప్పు తర్వాత చాలా కాలానికి గాని నేను వాటిని చదవలేదు. గొర్రెలు, మేకల కాళ్లు కట్టరాదని అందులో స్పష్టంగా ఉంది. పడుకుంటే దెబ్బ తగలకుండా కింద కనీసం 5 సెంటీమీటర్ల మందాన గడ్డి పరచాలి. దారిలో మేత, నీళ్లు ఉండాలి. ప్రయాణానికి పనికొస్తాయని పశువైద్యుడి ధ్రువపత్రం కావాలి. ఆవులు, గేదెలైతే లారీకి ఆరుకు మించరాదు, వెంట ఒక మనిషి ఉండాలి, అదే బండిలో వేరే సరుకు వేయరాదు. కోళ్ల పెట్టెలు ఒకదానిపై ఒకటి పేర్చకూడదు. మోటారు సైకిలు హ్యాండిల్‌కు తలకిందులుగా వేలాడే కోళ్లను మనం రోజూ చూస్తూనే ఉన్నాం!

మోటారు వాహనాల నిబంధనల్లో 2015లో చేసిన సవరణ 2016 నుంచి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం పశువులను తీసుకెళ్లే బండిలో విడివిడి అరలుండాలి. గొర్రెకు 0.3 చదరపు మీటరు, ఆవుకు గాని గేదెకు గాని 2 చదరపు మీటర్ల చోటు ఉండాలి. 0.3 చదరపు మీటరంటే మూడు చదరపు అడుగులకు కాస్త పైన. ఆ రోజు ట్రాలీ వెనక భాగం ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. లెక్క వేస్తే ఏడు పొట్టేళ్లు పడతాయి. 14 పొట్టేళ్లకు సరిగ్గా రెండు ట్రిప్పులు. ఆ కుర్రాడు ఏ నిబంధనా చదవకుండానే ఆ లెక్క చెప్పాడు. వేదాంతం చదువుకున్న నేను కాదన్నాను.

ఇవన్నీ మాంసాహారం వద్దనే వారి మాటలనీ, మనకెందుకనీ ఒక పెద్దాయన నాతో వాదించారు. 1 కొరింథీ 9:9 తెరిచి, దేవునికి ఎద్దుల గురించి చింతా అని పౌలే అడిగాడు కదా అన్నారు. మంచి ప్రశ్నే. కానీ పౌలు అక్కడ ఎద్దు మూతికి చిక్కం వేయవచ్చని చెప్పడం లేదు. కళ్లం తొక్కే ఎద్దుకే తినే హక్కుంటే సువార్త పనివాడికి ఎంతగా ఉండాలి అని వాదిస్తున్నాడు. ఎద్దు హక్కును కొట్టేస్తే ఆ వాదనే నిలబడదు. మన ప్రభువు కూడా లూకా 13లో, విశ్రాంతి దినాన సైతం ఎద్దును, గాడిదను విప్పి నీళ్లకు తోలుకెళ్తారు కదా అని అడిగి, దాని మీదనే ఆ నడుము వంగిన స్త్రీ పక్షాన మాట్లాడాడు. నోవహు సంతతికి మాంసం తినే అనుమతి ఆదికాండము 9లో ఉంది. నేనూ తింటాను. అయితే చంపడానికి అనుమతి ఉందంటే దారి పొడవునా హింసించడానికి అనుమతి ఉందని కాదు.

పైగా ఇది మనకు పరాయి విషయమేమీ కాదు. 1824లో లండన్‌లోని ఒక కాఫీ హౌస్‌లో జంతుహింస నివారణకు సంఘం పెట్టినవాడు ఆర్థర్ బ్రూమ్ అనే ఆంగ్లికన్ పాదిరి. బానిస వ్యాపారంపై పోరాడిన విల్బర్‌ఫోర్స్ ఆయనతో ఉన్నాడు. ఈ పని కోసం బ్రూమ్ తన సంఘ కాపరి ఉద్యోగం వదులుకున్నాడు. సొసైటీ చేసిన అప్పులకు 1826లో జైలుకు కూడా వెళ్లాడు. నేను రూ.1,800 దగ్గర ఆగిపోయాను.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. రవాణా నిబంధనల పేరు చెప్పగానే మన సంఘాల్లో చాలామందికి భయమేస్తుంది. ఆ భయానికి కారణం ఉంది. రాత్రిపూట హైవేల మీద బండ్లు ఆపి, కాగితాలు అడిగే అధికారం లేనివాళ్లు డ్రైవర్లను కొట్టిన సంఘటనలు దేశంలో ఎన్నో. మా స్వర్ణోత్సవానికి నెల ముందే, 2017 ఏప్రిల్‌లో, రాజస్థాన్‌లోని అల్వార్ దగ్గర పశువులు కొనుక్కుని వెళ్తున్న ఒక పాడిరైతును గుంపు కొట్టి చంపింది. పశువు మీద జాలి చూపించమన్న చట్టాన్ని మనిషిని కొట్టే కర్రగా మార్చడం దుర్మార్గం. మరోవైపు 1960 చట్టం మొదటి తప్పుకు వేసిన గరిష్ఠ జరిమానా 50 రూపాయలు. దాన్ని పెంచడానికి కేంద్రం 2022లో ఒక ముసాయిదాను ప్రజాభిప్రాయానికి పెట్టింది. జరిమానా పెరగాలనే నేనూ అంటాను. అయితే తనిఖీ చేయవలసింది పోలీసులు, రవాణా శాఖ, పశువైద్యులు. గుంపులు కాదు. ఆవుల లారీలనే కాదు, కోళ్ల బండ్లనూ గొర్రెల ట్రాలీలనూ సమానంగా చూడాలి.

ఇంకొకటి, దొరికేది ఎప్పుడూ డ్రైవరే. బండి సొంతదారుడు దొరకడు, సరుకు కొన్నవాడు అసలే దొరకడు. ఒకే ట్రిప్పులో తెమ్మని ఫోన్‌లో చెప్పిన పాస్టరు ఏ కేసులోనూ కనిపించడు. పెళ్లిళ్లకు, కూడికలకు, క్రిస్మస్ విందులకు మంద కొనేది మన సంఘాలే గనుక, నిబంధనకు సరిపడే కిరాయి ఇవ్వవలసినది కూడా మనమే. రెండో ట్రిప్పు ఖర్చు, గడ్డి, నీళ్ల డ్రమ్ము, పశువైద్యుడి ధ్రువపత్రం, చల్లని వేళ ప్రయాణం. ఇవన్నీ విందు ఖర్చులో భాగమే. అంత ఇవ్వలేకపోతే రెండు పొట్టేళ్లు తగ్గించి పప్పు ఎక్కువ వండించవచ్చు.

రెండేళ్ల తర్వాత ఒక ఆదివారం ఆరాధన ముగిశాక సంఘం ముందు ఈ సంగతి చెప్పి, ఆ యువకుణ్ణి క్షమాపణ అడిగాను. అప్పటి నుంచి మా క్రిస్మస్ విందు లెక్కల్లో 'రెండో ట్రిప్పు' అని ఒక పద్దు ఉంటోంది. "ఇది అవసరమా అయ్యగారూ?" అని మా కోశాధికారి ఏటా ఒకసారి అడుగుతారు. అవసరమేనంటాను. ఆయన రాసుకుంటారు.