ఆర్కెస్ట్రాలో తోలు వాద్యం చోటు

మన సంఘాల్లో పాశ్చాత్య సంగీతానికి ఒక గౌరవం ఉంది. పియానో నేర్చుకుంటున్న పాపను ముందు వరుసలో కూర్చోబెడతాం. వయొలిన్ వాయించే అబ్బాయి ఉంటే క్రిస్మస్ కరపత్రంలో పేరు వేస్తాం. డప్పు మాట ఎత్తితే మాత్రం పెద్దల ముఖాలు మారిపోతాయి. మాకు తెలిసిన ఒక సంఘంలో యువకులు క్యారల్స్‌కి డప్పు తెస్తామంటే, అది దేవుని మందిరంలోకి రాదని తేల్చేశారు. ఆ తీర్పు సరైంది కాదని మా అభిప్రాయం. చిత్రంగా, ఆ అభిప్రాయం మాలో గట్టిపడింది ఒక సింఫనీ ఆర్కెస్ట్రా కచేరీలో.

ముంబయి నారిమన్ పాయింట్‌లోని ఎన్‌సీపీఏ ఆవరణలో జంషెడ్ భాభా థియేటర్ ఉంది. వెయ్యికి పైగా సీట్లు. 2006లో మొదలైన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా కచేరీలు జరిగేది అక్కడే. నిజాం రాజ్యం నుంచి పనికి వలస వచ్చిన మనవాళ్ళ పేరుతో వెలసిన కామాఠీపురా అక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరం. అయినా ఆ హాలు మెట్లెక్కిన తెలుగు కూలీల పిల్లలు మా ఎరుకలో చాలా తక్కువ. మేము కొందరం కలిసి వెళ్ళిన సాయంత్రం బీథోవెన్ వయొలిన్ కాన్సెర్టో వాయించారు.

1806 డిసెంబరు 23న వియన్నాలో తొలిసారి వినిపించిన రచన అది. పేరుకు వయొలిన్‌ది. కానీ మొదట వినబడేది వయొలిన్ కాదు. హాలంతా నిశ్శబ్దమయ్యాక వెనుక నుంచి టింపనీ మీద మెల్లగా నాలుగు దెబ్బలు పడతాయి. ఐదో దెబ్బతో సన్నాయి జాతి వాద్యాలు అందుకుంటాయి. ఇరవై నిమిషాలు దాటి సాగే మొదటి భాగంలో ఆ దరువు ఒకచోట తీగల మీద, ఇంకోచోట బూరల మీద తిరుగుతూనే ఉంటుంది. అసలు వయొలిన్ విద్వాంసులు సుమారు మూడు నిమిషాలు ఊరికే నిలబడి తమ వంతు కోసం కాచుకోవాలి.

టింపనీ అంటే రాగి గిన్నెకు తోలు బిగించిన భేరి. పశ్చిమాసియా నక్కారాలు యూరప్‌కు చేరి అలా మారాయి. మన నగారాకు దగ్గరి చుట్టం. ఇప్పుడు చాలా చోట్ల ప్లాస్టిక్ వచ్చింది గానీ, బీథోవెన్ నాటికి అది పశువు తోలే. వియన్నా ఫిల్హార్మోనిక్ నేటికీ మేక తోలే వాడుతుంది. డప్పును మంట దగ్గర కాచి బిగువుకు తెస్తారు. టింపనీ వాయించేవారు అందరూ వాయిస్తుండగానే తోలు మీదికి వంగి, చెవి దగ్గర పెట్టి, వేలితో మీటి శ్రుతి చూసుకుంటారు. అలా వంగడం మాకు కొత్తగా అనిపించలేదు. సిర్ర, చిటికెన పుల్ల పట్టుకునే ముందు మనవాళ్ళూ అలాగే వేలితో తట్టి చూసేవారు.

తేడా అల్లా చోటులో ఉంది. టింపనీ వాయించే మనిషి వేదిక వెనుక భాగంలో, ఎత్తు మీద, మిగతావాళ్ళు వేసుకున్న నల్ల దుస్తుల్లోనే ఉంటారు. చివర్లో కండక్టరు చెయ్యి చూపి లేపితే హాలంతా చప్పట్లు కొడుతుంది. తోలు ముట్టారని ఎవరూ దూరం జరగరు. ఆ మాటకొస్తే వయొలిన్ తీగలు ఒకప్పుడు గొర్రె పేగులు, కమాను గుర్రం తోక వెంట్రుకలు. మడి కట్టుకుని వయొలిన్ కచేరీ వినేవాళ్ళకు ఇది చెప్పాలో వద్దో!

మన దేశంలో తోలు పని చేసిన చేతుల సంగతి టి.ఎం. కృష్ణ 2020లో వచ్చిన 'సెబాస్టియన్ అండ్ సన్స్' పుస్తకంలో రాశారు. మృదంగాలు చేసే కుటుంబాల్లో చాలామంది దళిత క్రైస్తవులు. తోలు ఎంచి, కోసి, బిగించి నాదం పలికించేది వాళ్ళు. సభలో వాయించి సన్మానం అందుకునేది ఇంకొకరు. ఆ పుస్తకం ఆవిష్కరణకు ముందు ఇచ్చిన అనుమతిని చెన్నైలోని కళాక్షేత్ర వెనక్కి తీసుకుంది.

పెద్దల అభ్యంతరాన్ని మేము తేలిగ్గా తీసుకోవడం లేదు. డప్పు వెట్టిచాకిరీలో భాగం. ఊళ్ళో చావుకు, దండోరాకు, జాతరకు పిలిచి, గింజలు విదిలించి పంపేవారు. చచ్చిన గొడ్ల మాంసం మానమని 1927లో మహాడ్‌లో అంబేడ్కర్ ఎందుకు చెప్పారో, మన ముత్తాతలు బాప్తిస్మం తీసుకుని డప్పు కింద పెట్టిందీ అందుకే. ఆ తెగింపు లేకపోతే ఈ పత్రికా లేదు, మేమూ లేము. అయితే వాళ్ళు తెంచుకున్నది ఊరి పెత్తనాన్ని. తర్వాతి తరాల్లో మనం దాన్ని తోలు మీద ఏవగింపుగా మార్చుకున్నాం. ఆ ఏవగింపు వాక్యం నేర్పింది కాదు, ఊరు నేర్పింది.

వాక్యంలో ఏముందో చూద్దాం. 150వ కీర్తనలోను, నిర్గమకాండం 15లో మిర్యాము చేతిలోను తెలుగు బైబిలు ప్రకారం ఉన్నది తంబుర. తంబుర అనగానే మనకు తీగల వాద్యం, భజన చేసేవారి భుజాన ఉండేది, గుర్తొస్తుంది. హీబ్రూలో ఉన్న మాట తోఫ్. అది చట్రానికి తోలు బిగించి చేత్తో వాయించేది. అంటే డప్పే. ఫరో కింద ఇటుకలు చేసిన జనం సముద్రం దాటి ఒడ్డుకొచ్చాక, ఆ స్త్రీలు మోగించింది అదే. వెట్టిని ఐగుప్తులో వదిలారు, డప్పును వెంట తెచ్చుకున్నారు. ఇన్నేళ్ళుగా చదువుతున్నా, ఒక్క తర్జుమా మాట వల్ల ఆ మోత మన చెవిన పడలేదు.

మన కొయిర్లు ఇష్టంగా పాడే హల్లెలూయా కోరస్‌నే తీసుకోండి. హేండెల్ 'మెస్సయా'ను 1742లో డబ్లిన్‌లో మొదటిసారి వినిపించినప్పుడు వసూలైన డబ్బు అప్పుల జైల్లో ఉన్నవాళ్ళను విడిపించడానికీ, రోగుల వైద్యానికీ వెళ్ళింది. అంత పెద్ద రచనలో టింపనీ మోగేది రెండే చోట్ల: హల్లెలూయా దగ్గర, చివరి కోరస్‌లో. మనం కీబోర్డుతో పాడుకుంటాం కాబట్టి, అందరం లేచి నిలబడే చోటే తోలు మోగుతుందని గమనించం.

తమిళనాడులో థియోఫిలస్ అప్పావు అయ్యగారు జానపద బాణీలను, పల్లె వాద్యాలను ఆరాధనలోకి తెచ్చి చాలా కాలమైంది. పక్కనే ఉన్న మన తెలుగు సంఘాలు ఇంకా కీబోర్డులోని తబలా బటన్‌తో సరిపెట్టుకుంటున్నాయి.

వచ్చే సెలవుల్లో మన యువజన సంఘాలు పిల్లల్ని దగ్గర్లోని ఆర్కెస్ట్రా కచేరీకి ఒకసారి తీసుకెళ్ళాలని మా మనవి. వెనుక సీట్లయినా ఫరవాలేదు, టింపనీ బాగానే కనిపిస్తుంది. ఇక క్రిస్మస్‌కు డప్పు కళాకారులను పిలిచే సంఘాలు వాళ్ళను గేటు దగ్గర ఊరేగింపుకే పరిమితం చేయకుండా కొయిర్ పక్కన నిలబెట్టాలి. కీబోర్డు వాయించే తమ్ముడి కవరులో ఎంత పెడతారో వాళ్ళ కవరులోనూ అంతే పెట్టాలి.