గేర్ సైకిలా, ఘర్ సైకిలా?

ఖాలాలు, మామూ, నానీ ఇచ్చిన ఈదీ అంతా లెక్కపెట్టుకుని మావాడు ఒకే మాట పట్టుకు కూర్చున్నాడు. "అబ్బా, గేర్ సైకిల్!" ఫోన్‌లో ఫోటో కూడా చూపించాడు. లావు టైర్లు, ముందు స్ప్రింగు ఫోర్కు, రెండు డిస్క్ బ్రేకులు, 21 గేర్లు. ధర పన్నెండు వేలు. వాడి దగ్గరున్నది నాలుగు వేలు. మిగతావి ఎవరి జేబులోంచి రావాలో మీకు తెలుసు.

షౌక్ తప్పని నేననను. అబ్బాజాన్ నల్ల సైకిల్ మీద కైంచీ తొక్కి మోకాళ్లు చెక్కుకున్నవాణ్ణే నేనూ. కానీ ఈ సైకిల్ తిరగబోయేది ఎక్కడ?

మౌంటెన్ బైక్ పుట్టింది అమెరికాలో, 1970లలో, కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీ కొండల మీద. మట్టి బాటల్లో కిందికి దూసుకొచ్చే కుర్రాళ్ల షౌక్ అది. మనదేమో డెల్టా. బెజవాడ నుంచి బందరు దాకా డెబ్భై కిలోమీటర్లు నేల పళ్లెంలా ఉంటుంది. ఫ్లైఓవర్లు తప్ప ఎక్కాల్సిన చడావే లేదు. వన్‌టౌన్ కొండల సంగతేంటి అంటారేమో. అక్కడ ఇళ్లకి దారి మెట్లే కదా. మెట్ల మీద 21 గేర్లూ బేకార్, సైకిల్ భుజానికెత్తాల్సిందే. ఇలాంటి చవక గేర్ సైకిళ్లు పదహారు, పదిహేడు కిలోలు తూగుతాయి.

లావు టైర్‌కి ఫాయిదా లేకపోలేదు. గుంతల్లో, స్పీడ్ బ్రేకర్ల మీద నడుముకి ఆరామ్. కానీ మొనలు తేలిన టైర్ తారు రోడ్డు మీద గుర్రుమంటూ కాళ్ల తాఖత్ తినేస్తుంది. ఆ ధరలో వచ్చే స్ప్రింగు ఫోర్కు పెడల్ నొక్కినప్పుడల్లా ఊగుతుంది, బరువు వేరే. వెనక కూడా స్ప్రింగున్నది అసలే వద్దు. డిస్క్ కాస్త వంగిందా, చక్రం తిరిగినంతసేపూ కీచుమంటుంది. రబ్బరు బ్రేకయితే గల్లీ చివర మిస్త్రీ పది నిమిషాల్లో మార్చేస్తాడు.

2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్‌నగర్‌ని ముంచింది గుర్తుందిగా. అలాంటి బురద సాదా సైకిల్లో దూరితే విప్పి, కడిగి, గ్రీసు పెట్టి మళ్లీ తొక్కొచ్చు. చవక స్ప్రింగు ఫోర్కులోకి వెళ్లిందంటే ఫోర్కే మార్చుకోవాలి.

ఇదంతా నేను వాడికి చెబుతుంటే బీబీ వంటింట్లోంచి ఒక్క సవాల్ అడిగింది. "మరి బేటీ ట్యూషన్‌కి నడిచే వెళ్లాలా?"

నిజంగా నాకు శరమేసింది. తొమ్మిదో తరగతి చదివే పిల్ల ఇంట్లో ఉంటే సైకిల్ బాత్ మొత్తం కొడుకుతోనే నడిపాను. 2017లో మన సర్కారు 'బడికొస్తా' పేరుతో సర్కారీ బడుల్లో సైకిళ్లు ఇచ్చింది తొమ్మిదో తరగతి ఆడపిల్లలకే కదా! మావాడు మెచ్చిన సైకిల్‌కి బార్ ఎత్తు, చైన్ కవర్ లేదు. షల్వార్ పాంచా చైన్‌లో పడితే పిల్ల రోడ్డు మీద పడుతుంది. మడ్‌గార్డు లేదు, వానాకాలంలో వీపంతా బురదే. క్యారియర్ లేదు, బస్తా ఎక్కడ పెట్టాలి?

కాబట్టి నా మష్వరా ఇది. బార్ కిందికి వంగినది, చైన్ కవర్, మడ్‌గార్డు, క్యారియర్, స్టాండు ఉన్నది చూడండి. గేర్ లేకపోయినా ఫికర్ లేదు. గేర్ సైకిలే కావాలని జిద్ చేస్తే స్ప్రింగు లేని ఫోర్కు, నున్నటి టైర్లు, ముందూ వెనకా లైట్లు అడగండి. సైజు మాత్రం ఇప్పటి ఎత్తుకే తీసుకోండి. "పిల్లలు పెరుగుతారు, పెద్దది తీసుకోండి సాబ్" అంటాడు దుకాణందారు. రెండు కాళ్లూ నేలకానించి నిలబడితే బార్‌కీ ఒంటికీ మధ్య రెండంగుళాలైనా ఖాళీ ఉండాలి.

మావాడు ఇంకా అలిగే ఉన్నాడు. ఈ ఇత్వార్ ఇద్దరినీ దుకాణానికి తీసుకెళ్తున్నాను. ముందు ఎక్కి చూసేది బేటీ.