విద్యార్థి పత్రిక – ముఖచిత్రము

ఇల్లు చూచి ఇల్లాలిని చూడుమని పెద్దలు చెప్పుదురు. పత్రికల విషయమునను ఈ మాట చెల్లును. పాఠకుడు మొదట చూచునది ముఖచిత్రము. లోపలి పుటలను తెరవవలెనా, వలదా యని అతడు నిశ్చయించుకొనునది ఆ క్షణముననే. అయినను, పాఠశాల వార్షిక పత్రిక సిద్ధమగునపుడు కథలకును పద్యములకును నెలల తరబడి శ్రమించువారు, ముఖచిత్రమును మాత్రము అచ్చుకూటమువారు తొందరపెట్టగా చివరి దినమున చేతికందినదానిని ఎన్నుకొందురు. ఇది తగిన పద్ధతి కాదు.

ఒక పల్లెటూరి పాఠశాల పత్రికకు రెండు చిత్రములు వచ్చినవనుకొందము. మొదటిది పాఠశాల భవనపు రంగుల ఛాయాచిత్రము. గోడలకు క్రొత్త సున్నము, ద్వారమునకు మామిడి తోరణము, ముందు వరుసగా నిలిచిన పెద్దలు. రెండవది ఎనిమిదవ తరగతి బాలిక నల్లసిరాతో గీసినది. చింతకొమ్మకు వ్రేలాడు రైలుపట్టా ముక్కను ఒక వృద్ధ బంట్రోతు సుత్తితో మ్రోగించుచున్నాడు. గీతలు కొంత వంకరపోయినవి.

సంపాదకవర్గములో పలువురు మొదటిదానినే కోరుదురు. భవనము అందరిదనియు, పెద్దలను గౌరవించినట్లును ఉండుననియు వారందురు. ఈ వాదమును తేలికగా త్రోసివేయరాదు. కాని అట్టి భవనములు, అట్టి వరుసలు ఎన్నియో పాఠశాలలలో కలవు. ఆ గంట మ్రోత ఆ ఊరి పిల్లలకే తెలియును. చదువు ముగించి దూరదేశమునకు పోయినవాడు ఆ ముఖచిత్రమును చూచినచో, అతని చెవిలో ఆ గంట మరల మ్రోగును. పెద్దల ఛాయాచిత్రమునకు లోపలి పుటలలో గౌరవమైన చోటు ఉండనే యున్నది.

మంచి చిత్రమునకు ఆడంబరము అక్కరలేదు. 1930లో గాంధీమహాత్ముడు ఉప్పు సత్యాగ్రహమునకై దండికి నడచెను. ఆ సందర్భమున నందలాల్ బోస్ లినోలియము పలకపై చెక్కి ఒక చిత్రమును అచ్చొత్తెను. అందు సముద్రము లేదు, జనసమూహము లేదు. నల్లని నేలపై తెల్లని గీతలలో, చేతికర్ర పట్టి అడుగు వేయుచున్న ఒక్క మనిషి మాత్రమే కలడు. ఆ అడుగే ఉద్యమమునంతటిని చెప్పుచున్నది.

రంగులు కూడదని దీని భావము కాదు. 1921లో శ్రీకాకుళమున జన్మించిన వడ్డాది పాపయ్య ‘చందమామ’ ముఖచిత్రములకు రంగులతోనే ప్రాణము పోసెను. అచ్చట రంగు కథకు తోడుగా నిలిచినది. చెప్పవలసినది లేనప్పుడు ఎన్ని రంగులు పూసినను వ్యర్థము.

చిత్రమును పరీక్షించుటకు సులభమైన ఉపాయము కలదు. దానిని గోడకు ఆనించి పదియడుగుల దూరమున నిలిచి చూడవలెను. ముఖ్యమైన రూపము ఏదో వెంటనే తెలియవలెను. ఇరువదిమంది నిలిచిన చిత్రమున ఒక్క ముఖమును తెలియదు. పత్రిక పేరు వేయుటకు పైభాగమున ఖాళీ చోటు ఉండవలెను. లేనిచో అక్షరములు బొమ్మపై పడి రెండును చెడును. లోపలి రచనలలో ప్రధానమైన దానితో చిత్రమునకు సంబంధము ఉండుటయు అవసరము.

నేడు అంతర్జాలమున వెదకిన క్షణములో వేలకొలది అందమైన చిత్రములు కనబడును. వానిలో ఒకదానిని తీసి అతికించుట తేలిక. కాని కనబడినదెల్ల మనది కాదు. 1957 నాటి భారతదేశపు కాపీరైటు చట్టము ప్రకారము చిత్రముపై హక్కు చిత్రకారుని జీవితకాలమంతయు, అతని మరణానంతరము 60 సంవత్సరములును నిలుచును. అనుమతి లేక వాడుకొనుట ఇతరుల శ్రమను అపహరించుటయే. అంతకంటె పెద్ద నష్టము మరియొకటి కలదు. ఎవరో ఎక్కడో తీసిన మంచుకొండ పత్రికపై నిలిచినపుడు, ఆ ఊరి చెరువును, సంతను, చింతచెట్టును కన్నులార చూచి గీయవలసిన విద్యార్థి చేయి ఊరకుండును.

విద్యార్థి పత్రిక విద్యార్థులు నేర్చుకొనుటకై వెలువడునది. అందులోని కథలలో తప్పులున్నను ఓర్చుకొని ప్రకటించువారు, బొమ్మలోని వంకరగీతను మాత్రము ఏల ఓర్వరాదు? ఈ ఏడు ఆ బాలిక చిత్రము ముఖపత్రముపై వెలసినచో, వచ్చు ఏడు పదిమంది కలము పట్టి ఆ చెట్టు క్రింద కూర్చుందురు.